ఒకటిన్నర డిగ్రీ

జూన్ నెల. బంగారుపాళ్యం దాటాక
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
ట్రాక్టర్ల వరస రోడ్డు మలుపు దాకా పాకింది.
అడుగు కాయలు అప్పుడే నీరు కారుతున్నాయి.
రెండు రాత్రులు టార్పాలిన్ కింద పడుకున్న మొగిలప్ప
కళ్లు పులుముకుంటూ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

రేకుల షెడ్డు. ఫ్యాను వేడినే అటూ ఇటూ తిప్పుతోంది.
ఒక్క బొట్టు తోతాపురి రసం గాజు మీద వేసి
గొట్టాన్ని వెలుగు వైపు ఎత్తాను.
నీలమూ తెలుపూ కలిసే గీత
పన్నెండున్నర దగ్గర ఆగింది.

"ఎంతమా?"
"పన్నెండున్నర డిగ్రీలన్నా. పద్నాలుగుంటేనే మొదటి రేటు."
"చెట్టునే మాగిన కాయమా. నోట్లో ఏసుకో, నీకే తెలుస్తాది.
నీ సదువు ఎన్ని డిగ్రీలు?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.
రెండన్నాను. బీఎస్సీ ఒకటి, ఎమ్మెస్సీ ఒకటి.
"అయితే మా కాయే నయం గదా!"
వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ముక్క నోట్లో వేసుకున్నాక నవ్వు ఆగింది.
నాలుక పద్నాలుగంటోంది.

అప్పుడు గుర్తొచ్చాడు చెంగల్రాయులు,
తిరుపతిలో మా ల్యాబ్ అటెండరు, పదో తరగతి తప్పినవాడు.
బ్యూరెట్లు కడుగుతూ కడుగుతూ
నా రికార్డులోకి తొంగి చూసి అన్నాడొకసారి:
"టెంపరేచరు రాయకుండా రీడింగు రాసినావే పాపా,
ఊరు పేరు లేని జాబు మాదిరి
ఇది యాడికి పోతాది?"

పొద్దున ఏసీ గదిలో, ఇరవై దగ్గర
సున్నా సరిచూసిన గొట్టం ఇది.
ఇప్పుడీ రేకుల కింద నలభై.
వేడికి రసం సడలుతుంది,
వెలుగు కాస్త తక్కువ వంగుతుంది,
గీత కిందికి జారుతుంది.
అలా జారిన ఒకటిన్నర డిగ్రీ
ఎన్ని వేసవులుగా ఎవరి జేబులో పడుతూ వచ్చిందో!

హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం.
వేదవల్లి ఇప్పుడు గాదంకిలో రాత్రంతా మేలుకుని
కంటికి కనబడని గాలికి లెక్కలు రాస్తుంది.
సుభాషిణి పలమనేరులో పట్టుపురుగుల తల్లులను నూరి
సూక్ష్మదర్శిని కింద తెగులు వెతుకుతుంది;
ఆమె సరేనంటేనే గుడ్లు రైతింటికి వెళ్తాయి.
షమీమ్ చేతికి చెక్కపేడు ఇస్తే చాలు,
అది ఎర్రచందనమో కాదో కోర్టులో నిలబడి చెబుతుంది.
లెక్కలు చదివిన చంద్రిక గాంధీ రోడ్డులో చీరలమ్ముతోంది.
ఇంతవరకూ ఒక్క సమీకరణంతో పని పడలేదట,
కానీ వడ్డీల మల్లయ్య
ఆ వీధిలో ఆమె ఒక్కదాని ముందే గొంతు తగ్గిస్తాడట.
నేనేమో మామిడి రసం చూసి నంబరు చెప్పే పిల్లను.
ఇందుకా రెండేళ్లు సాంబారు నీళ్లు తాగామని
ఎన్నిసార్లు అనుకున్నానో.

మేనేజర్ దొరస్వామి గారు అద్దాలు పైకి తోశారు.
"ఇన్నేళ్లు లేని సవరణ ఇప్పుడెందుకు?
నీకు జీతమిచ్చేది మామిడిచెట్లా?"

ధీరంగా ఏమీ అనలేదు నేను. గొంతు వణికింది.
మా అమ్మ మందుల చీటీ కూడా గుర్తొచ్చింది.
స్కేలు తీసి, ఎర్ర పెన్నుతో
రిజిస్టరులో ఒక కొత్త గడి గీశాను.
పైన రాశాను: ఉష్ణోగ్రత.
గీత కొంచెం వంకర పోయింది.
పన్నెండున్నర. నలభై. పద్నాలుగు.

ఆయన చాలాసేపు చూశారు.
కొట్టెయ్యలేదు. సంతకమూ పెట్టలేదు.

మొగిలప్ప ట్రాక్టరు కాటా మీదికెక్కింది.
"నిమిషంలో కాయ తీపెక్కిందే, ఏం మంత్రమేసినావుమా?"
"కాయ ముందే తీపన్నా,
మేమే సున్నాను చల్లగా వేరే గదిలో పెట్టుకున్నాం."

అర్థమైందో లేదో, తలపాగా విప్పి దులిపి
రెండు కాయలు బల్ల మీద పెట్టబోయాడు. వద్దన్నాను.

వెనక ట్రాక్టరు ముందుకు జరిగింది.
గాజు తుడిచాను.
గోడ మీద ఇప్పుడు నలభై ఒకటి.